కొంగు కింద బేరం

సోమవారం. జెండా ఎరుపు. ఆయన ఒంటి వేడి పరవాలేదు.

ఈ పలక మీద రోజూ రాయమన్నది చల్లాసుపత్రి డాక్టరమ్మ. పై వరసలో ఆ రోజు వీధిలో ఎగరేసిన ఎండ జెండా రంగు, మా ఆయన ఓబులేసు ఒంటి వేడి రాయాలట, వేడిని అంకెల్లో. "పరవాలేదు" అని రాస్తే పోయినసారి కోప్పడింది. అంకె చూస్తే నాకు గుండె దడ, అందుకే మాటల్లో రాస్తాను. ఆమె చదివేది పై వరస ఒక్కటే కాబట్టి కింద నాకు తోచింది రాసుకుంటున్నాను. ఇంట్లో ఇంకెవరితో చెప్పుకోను? ఆయనకు చెబితే కంగారు పడతాడు, కంగారు పడితే వేడెక్కుతాడు. అద్దాల పొలంలో ఏళ్ల తరబడి సోలార్ అద్దాలు తుడిచి తుడిచి ఆయన ఒంట్లో చెమట చచ్చిపోయింది. చెమట పట్టని మనిషిని వారానికొకసారి ఆసుపత్రి చల్లమంచం మీద ఒక పూట పడుకోబెట్టకపోతే లోపలి వేడి లోపలే ఉండిపోయి ప్రాణం మీదకొస్తుంది.

ఇన్నాళ్లూ ఆసుపత్రి బండే మా కాలనీకి వచ్చి తీసుకెళ్లేది. నెల మొదట్లో దాన్ని ఆపేశారు. ఎందుకు ఆపారో ఎవరిని అడిగినా తెలియదంటారు. అందుకని ఉన్నదంతా ఊడ్చి ఈరోజు సంతలో తనంతట తానే నడిచే పాత బండి కొన్నాను.

కొన్న తీరు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. సంతలో ప్రతి స్తంభానికీ మాటలు విని రాసుకునే యంత్రపు చెవి ఒకటి బిగించి ఉంటుంది. అమ్మేవాడు "బండి బాగుంది" అన్నాడా, ఆ మాట చెవిలో పడిపోతుంది. రేపు బండి బాగాలేకపోతే ఆ మాటే వాడి మెడకు చుట్టుకుంటుంది. అందుకే నోటితో అమ్మేవాళ్లు ధర ఆకాశంలో చెబుతారు. బేరగాళ్లు వాళ్లలో వాళ్లు కొనుక్కునేటప్పుడు మాత్రం నోరు విప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని బేరమాడతారు. వేళ్ల మాట చెవికి వినపడదు కాబట్టి ధర సగానికి సగం దిగుతుంది.

నాకు ఆ వేళ్ల లెక్క వచ్చు. మా తాత ఎద్దుల బేరగాడు, చిన్నప్పుడు నాకు ఆటగా నేర్పాడు. ఇన్నేళ్లకు దానితో పని పడింది. చౌడప్ప అని గడ్డానికి రంగేసుకునే బేరగాడొకడు పాలరంగు బండి పక్కన నిలబడి ఉన్నాడు. తువ్వాలు లేదు కదా, చీర కొంగు పరిచి దాని కింద చెయ్యి పెట్టాను. వాడు నా మొహం చూశాడు, కొంగు చూశాడు, చెయ్యి లోపల పెట్టాడు. వాడు వేళ్లు నొక్కితే నేను మడిచాను, వాడు మడిస్తే నేను విదిలించాను. చివరికి నవ్వి నా బొటనవేలు పట్టుకుని వదిలేశాడు. బేరం కుదిరింది.

ఎక్కి కూర్చుంటే లోపల కుండలో నీళ్లంత చల్లగా ఉంది. "స్వాగతం, వ్యాపారిగారూ" అంది బండి. మర్యాద తెలిసిన బండి అనుకుని మురిసిపోయాను. ఎంత తక్కువకు కొట్టుకొచ్చానో తలుచుకుంటే నా భుజం నేనే తట్టుకోవాలనిపించింది.

గురువారం. జెండా ఎరుపు. ఆయన ఒంటి వేడి కొంచెం ఎక్కువ.

ఈరోజు మొదటిసారి ఆ బండిలో ఆసుపత్రికి పోయొచ్చాము. పోయేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు అద్దాల పొలం మధ్యలో చల్లదనం సన్నగిల్లింది. ఆయన కిటికీకి తల ఆనించి, "ఏమే, ఉక్కపోస్తాంది" అన్నాడు. చెమట లేని మనిషికి ఉక్క ఎట్లా తెలుస్తుందో నాకు అర్థం కాదు కానీ, ఆయన అన్నాడంటే ఉన్నట్టే. "మబ్బు పట్టినట్టుంది, అందుకే" అన్నాను. మబ్బులు చూసి ఎన్నాళ్లయిందో ఆయనకూ తెలుసు. కళ్లు మూసుకున్నాడు.

శనివారం. జెండా పసుపు. ఆయన ఒంటి వేడి పరవాలేదు.

ఉల్లిగడ్డలు తెస్తానని ఆయనతో చెప్పి బండిని అది తయారుచేసిన కంపెనీ మరమ్మతుశాలకు తీసుకెళ్లాను. గేటు తెరుచుకోలేదు. హారన్ కొట్టాను, దిగి గేటు తట్టాను. లోపలినుంచి మెత్తటి గొంతు, "వ్యాపారుల బండ్లకు ప్రవేశం లేదు, మీ సరుకు మీరే చూసుకోవాలి" అంది. నేను వ్యాపారిని కాదు తల్లీ అన్నాను. మళ్లీ అదే మాట అంది. గేటుతో ఎంతసేపు వాదిస్తాం?

సరేలెమ్మని నిజంగానే ఉల్లిగడ్డల అంగడికి పోయాను. కిలో ఇమ్మంటే అక్కడి మిషను, వ్యాపారులకు మూటల లెక్కనే ఇస్తానంది. వారం కిందట ఇదే మిషను నాకు అరకిలో కూడా ఇచ్చింది. నాకు కొమ్ములేమైనా మొలిచాయా అని తల తడుముకున్నాను.

అక్కడినుంచి నేరుగా సంతకు, చౌడప్ప దగ్గరికి. వాడు నీడన కూర్చుని సజ్జరొట్టె తింటున్నాడు.

"ఏం మా, కొంగు కింద చెయ్యి పెట్టినప్పుడు తెలీదా నీకు?" అన్నాడు. "అది బేరగాడూ బేరగాడూ చేసుకునే బేరం. బండి బాగుందని నేను ఒక్క మాటన్నా చెప్పినానా? చెప్పలే. బాగలేదని చెప్పినానా? అదీ చెప్పలే."

"నేనేమన్నా బండ్లు అమ్ముకునేదాన్నా? మా ఆయన్ని ఆసుపత్రికి తీసకపోయేదానికి కదప్పా కొనింది."

"అది నీకు తెల్సు. ఇప్పుడు నాకూ తెల్సె. చెవికి తెలీదే. దాని లెక్కన మాట విని కొన్నోళ్లు వినియోగదారులు, మాట లేకుండా కొన్నోళ్లు వ్యాపారులు. నువ్వు అంత బాగా వేళ్లు తిప్పితివి, యాడో పెద్ద సంత బేరగత్తె అనుకుంటి నేను."

తాత మీద మొదటిసారి కోపమొచ్చింది. చనిపోయిన మనిషిని ఏమని తిడతాం. రొట్టె తినమని చౌడప్ప ఒక ముక్క చేతిలో పెట్టాడు, తినేశాను కూడా. ఎందుకు తిన్నానో నాకే తెలియదు.

మంగళవారం. జెండా ఎరుపు. ఆయన ఒంటి వేడి పరవాలేదు.

వినియోగదారుల కమిషన్‌కు పోయాను. ఆయనతో మళ్లీ ఉల్లిగడ్డలనే చెప్పాను. అక్కడ వింధ్యావళి మేడమ్ అని కళ్లద్దాల అధికారి ఉంది. మంచి మనిషే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. జరిగింది జరిగినట్టు, దారిలో చల్లదనం పడిపోయిన సంగతితో సహా చెప్పాను. అంతా రాసుకుంది.

"అమ్మినతను బండి గురించి మీతో ఏం చెప్పాడమ్మా?" అని అడిగింది.

"ఏమీ చెప్పలేదు మేడం."

"అయితే మీరు వినియోగదారు కారు. అది వ్యాపార అమ్మకం. దాని మీద మేము ఫిర్యాదు తీసుకోలేం."

"మరి నేనెవరు?"

"వ్యాపారి."

"నేను ఏ వ్యాపారం చేస్తాండాను మేడం?"

"ఇంకా చేయలేదు. బండి అమ్మితే చేసినట్టవుతుంది."

"అమ్మకపోతే?"

ఆమె రూల్సు పుస్తకం తిరగేసింది. "అమ్మని వ్యాపారి" అంది.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్లు తాగాను. వినియోగదారుగా మారాలంటే ఏం చేయాలి అని అడిగాను. ఇంకో బండి, మాట విని కొనాలట. ఇంకో బండి కొనే స్తోమతుంటే కొంగు కింద చెయ్యెందుకు పెడతాను అన్నాను. అది కూడా రాసుకుంది పాపం.

గురువారం. జెండా నలుపు. ఆయన ఒంటి వేడి రాయలేను.

నల్లజెండా రోజు ఎవరూ బయటికి రాకూడదు. కానీ ఆయనకు చల్లమంచం వరస ఈరోజే. తప్పిపోతే ఇంకో వారం ఆగాలి, ఆగే స్థితిలో ఆయన లేడు. పొద్దు పొడవకముందే బయలుదేరదామంటే ఆసుపత్రి తలుపులు అప్పుడు తీయరు. బండి బానే ఉందా అని ఆయన ఒకసారి అడిగాడు. బంగారంలా ఉంది అన్నాను.

అద్దాల పొలం మధ్యలో ఆగిపోయింది. నెమ్మదించడం గట్రా ఏమీ లేదు, గొంతు నొక్కేసినట్టు ఆగింది. చల్లగాలి పోయి, దాని బదులు కాలిన వాసన వచ్చింది. కాసేపట్లో లోపల పొయ్యి మీద పెనంలా అయిపోయింది. ఆయన మొహం ఎర్రబడి, ఆ తర్వాత ఆ ఎరుపు కూడా పోయి తోలు రంగుకొచ్చింది. ఎవర్ని పిలవాలి? నల్లజెండా రోజు ఫోన్ చేసినా వచ్చేదెవరు, ఆ దారిన పోయేదెవరు?

ఆయన్ని జబ్బల కింద పట్టి ఈడ్చుకుంటూ అద్దాల కింది నీడలోకి తెచ్చాను. నీడ కూడా కాలుతోంది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత భయమేసింది. అప్పుడు ఆయన పెదాలు కదిపాడు. వంగి చెవి పెట్టాను.

"వరస కొసన... గుంతలో... తిరుగుడు మర. ఎడమకు తిప్పు" అన్నాడు.

అద్దాలు కడిగే నీళ్ల గొట్టం అక్కడుందని ఆయనకు తెలుసు, తను తిప్పిన మరే కదా. చేతులు బొబ్బలెక్కినా తిప్పాను. నీళ్లొచ్చాయి. మొదట వేడి నీళ్లు, తర్వాత గోరువెచ్చన, తర్వాత మామూలువి. ఆయన మీద పోస్తూనే ఉన్నాను, పొలం కాపలా యంత్రం వచ్చి దొంగతనం దొంగతనం అని అరుస్తున్నా పోస్తూనే ఉన్నాను. ఆ అరుపు వినే పొలం కంపెనీవాళ్లు వచ్చారు. దొంగను పట్టుకోవడానికి వచ్చినవాళ్లు మమ్మల్ని ఆసుపత్రిలో దింపారు.

డాక్టరమ్మ ఆయన్ని చల్లమంచం మీదకెక్కించి నన్ను బయటకు పిలిచింది. ఈసారికి గట్టెక్కాడు, వచ్చే గురువారం రాకపోయినా, వచ్చే దారిలో ఇట్లా అయినా ఇక తన చేతిలో ఏమీ ఉండదు అంది. నేను తల ఊపాను. ఆ తర్వాత మరుగుదొడ్డిలోకి పోయి, నీళ్లు వదిలి, గట్టిగా ఏడ్చాను.

శనివారం. జెండా ఎరుపు. ఆయన ఒంటి వేడి కొంచెం ఎక్కువ.

బండిని ఈడ్పించి ఇంటిముందు పడేశారు. బయటి మెకానిక్కులు చూసి, చల్లపెట్టె కాలిపోయింది, అది కంపెనీ దగ్గర తప్ప ఎక్కడా దొరకదన్నారు. కంపెనీ గేటు నాకు తెరుచుకోదు.

సాయంత్రం చౌడప్ప వచ్చాడు. అద్దాల పొలం సంగతి సంతలో అందరికీ తెలిసిపోయిందట. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను రమ్మనలేదు.

"ఒక దారుండాది మా. నువ్వు వ్యాపారివి కదా. బండి అమ్ము. నోటితో, చెవి ముందర."

"కాలిపోయిన బండిని ఇంకొకరికి అంటగట్టమంటావా? ఇంకెవరి ఇల్లో ముంచమంటావా?"

"ఇంకొకరికి కాదు. మీ ఆయనకే అమ్ము."

నాకు వాడి మాట తలకెక్కడానికి చాలాసేపు పట్టింది. మా ఆయన మాట విని కొంటే వినియోగదారు అవుతాడు. బండి చెడిపోయిందని ఫిర్యాదు చేస్తాడు. కంపెనీ గేటు ఆయనకు తెరుచుకుంటుంది, పెట్టె కొత్తది వేస్తారు. ఖర్చు సంతది, శిక్ష అమ్మినవాళ్లది. ఒకటే చిక్కు. లోపముందని అమ్మేవాళ్లు ముందే చెబితే, తెలిసి కొన్నట్టవుతుంది, ఇక మరమ్మతు లేదు. ఆయనకు తెలిసినా చెవికి పట్టదు, అమ్మేవాళ్ల మాటే దానికి లెక్క. కాబట్టి నేను బండి బాగుందని అబద్ధం చెప్పాలి.

"శిక్ష ఏంది?" అని అడిగాను.

చౌడప్ప గడ్డం గోక్కున్నాడు. "ఏదో ఉంటది" అన్నాడు. వాడికి తెలియదో, తెలిసీ చెప్పలేదో నాకు అంతుపట్టలేదు. ఏదైతేనేం అనుకున్నాను.

సోమవారం. జెండా ఎరుపు. ఆయన ఒంటి వేడి పరవాలేదు.

చౌడప్ప తన బండి వెనక మా బండిని కట్టి సంతకు లాక్కొచ్చాడు. ఆయన్ని తడిగుడ్డలు చుట్టి కూర్చోబెట్టాను. ఏం చేయబోతున్నామో ఆయనకు చెప్పింది చౌడప్పే. నేను చెబుదామని రెండుమూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

స్తంభం కింద నిలబడ్డాము. "వ్యాపారీ, సరుకు గురించి నీ మాట చెప్పు" అంది చెవి.

"బండి బాగుంది" అన్నాను. "లోపల చల్లదనం తగ్గదు. దారి మధ్యలో నిన్ను ఎండకు వదిలేయదు." చెబుతుంటే ఆయన నన్నే చూస్తున్నాడు. ఇంట్లో ఆయనతో ఎన్ని అబద్ధాలాడానో లెక్కలేదు కానీ, ఇంత గట్టిగా ఎప్పుడూ ఆడలేదు.

"కొనేవారూ, ఈ సరుకులో లోపముందని అమ్మేవారు మీకు చెప్పారా?"

లేదు అంటే చాలు. చౌడప్ప ఆయనకు అదే నేర్పాడు. ఆయన మాత్రం తడిగుడ్డ మొహం మీదినుంచి తీసి, నిదానంగా మొదలుపెట్టాడు.

"ఈమె నాకు ఏమీ చెప్పదు. నాకు చెమట పోయినప్పట్నుంచీ ఏదీ చెప్పదు. బండి కొనేది చెప్పలే. చెడిపోయిందనీ చెప్పలే. ఆఫీసుల చుట్టూ తిరుగుతా ఉల్లిగడ్డలకు పోయినానంటది. ఇంట్లో ఒక్క ఉల్లిగడ్డ లేదు. అన్నీ ఆ పలకతోనే చెప్పుకుంటది. నాతో మాట్లాడక శానా దినాలాయె."

"మాట నిజమని నమోదైంది. అమ్మకం పూర్తయింది" అంది చెవి. సంతలో ఉన్నవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన మీద కోపం రాలేదు. ఉల్లిగడ్డలు లేవని ఆయనకు తెలుసని నాకెందుకు తట్టలేదు?

బుధవారం. జెండా పసుపు. ఆయన ఒంటి వేడి పరవాలేదు.

కంపెనీ గేటు ఆయన పేరు చెప్పగానే తెరుచుకుంది. మధ్యాహ్నానికల్లా కొత్త చల్లపెట్టె వేసి ఇచ్చారు. "స్వాగతం, యజమానిగారూ" అంది బండి ఆయనతో. అక్కడే నాకు కమిషన్ నుంచి పిలుపు వచ్చింది.

వింధ్యావళి మేడమ్ ఈసారి మంచినీళ్లివ్వలేదు. "ఈ లోపం గురించి చెప్పుకోవడానికే మీరు మొన్న నా దగ్గరికి వచ్చారు. అంటే తెలిసే అమ్మారు. ఇది మోసపు అమ్మకం" అంది.

"అవును మేడం."

"మోసం చేసి అమ్మిన సరుకును అమ్మినవాళ్లు మళ్లీ వాడకూడదు. ఆ బండి ఇక మిమ్మల్ని ఎక్కించుకోదు." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మీవారు క్షమిస్తున్నానంటే కేసు కొట్టేస్తాను. కానీ కేసు లేకపోతే మరమ్మతు కూడా లేదు. కొత్త పెట్టె తీసేసుకుంటారు."

"కేసు ఉంచండి" అనబోయాను. మాట పెదాల దాకా వచ్చింది. అప్పుడే, బయట బండిలో ఆయన కూర్చుని ఉన్నాడని గుర్తొచ్చింది. "ఒక్క నిమిషం మేడం, మా ఆయన్ని అడగాల" అన్నాను.

బండి బయట, ఎండలో నిలబడి, సగం దించిన కిటికీలోంచి అంతా చెప్పాను. శిక్ష సంగతి, పెట్టె సంగతి, డాక్టరమ్మ అన్న మాట, మరుగుదొడ్డిలో ఏడ్చిన సంగతి కూడా. ఆయన వింటూ కూర్చున్నాడు.

"అట్లైతే క్షమించేస్తా" అన్నాడు. "నువ్వు లేకుండా నేనొక్కణ్నే యాడ పోవాల? తోవలో ఏమన్నా అయితే ఎవరుంటారు?"

"క్షమిస్తే తోవే లేదు కదా."

"లేకుంటే లేకపాయె. ఇంట్లోనే ఉందాం ఇద్దరం."

"ఎన్నాళ్లుంటాం ఇద్దరం?" అన్నాను. ఈసారి ఏడుపు దాచుకోలేదు. "నాకు భయమేస్తాంది. నువ్వు పోతే నేను ఉండలేను. నన్ను క్షమించొద్దు."

ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. "సరే, క్షమించను పో" అన్నాడు. లోపలికి పోయి మేడమ్‌తో ఆ మాటే చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇంటికి చల్లదనం లేని వేరే బండిలో వచ్చాను, ఆయన బండి వెనకే.

గురువారం. జెండా ఎరుపు. ఆయన ఒంటి వేడి ముప్పై ఎనిమిది, పొద్దున థర్మామీటర్ చూశాను.

ఆయన ఎక్కి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ నేనూ పక్క తలుపు పట్టుకున్నాను. "మీకు ప్రవేశం లేదు" అంది బండి. దానికీ నాకూ ఎప్పటినుంచో శత్రుత్వం ఉన్నట్టు అంది. నీళ్ల సీసా, తడిగుడ్డ ఆయన ఒడిలో పెట్టాను. మందులు ఎప్పుడు వేసుకోవాలో చెప్పాను, డాక్టరమ్మకు ఏం చెప్పాలో చెప్పాను, మళ్లీ చెప్పాను. బండి కదిలింది.

వీధి మలుపు తిరగకముందే ఫోన్ చేశాను. ఆయన ఎత్తి, "ఏందే, అప్పుడే?" అన్నాడు. "ఏం లేదు, చెబుతాండా విను" అన్నాను. సంతలో బేరమాడినప్పుడు ఎంత గర్వపడ్డానో చెప్పాను. తాత మీద కోపమొచ్చిందని చెప్పాను. ఉల్లిగడ్డల మిషను నన్నేమందో చెబితే నవ్వాడు. రాత్రుళ్లు ఆయన ఊపిరి వినపడుతోందో లేదో అని లేచి చూస్తానని చెప్పాను. "నాకు తెల్సు" అన్నాడు. నేను వ్యాపారినా, మోసగత్తెనా, నీ పెండ్లాన్నా, నాకు ఏదీ తెలియడం లేదని చెప్పాను.

అద్దాల పొలం వచ్చిందని చెప్పాడు. నేను మాట్లాడటం ఆపేశాను. బండి చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపు విన్నానో తెలియదు.

"దాటినా" అన్నాడు. "సల్లగానే ఉండాది. నువ్వు చెప్పు, ఆపినావెందుకు?"